పాత కాగితం మీది సర్క్యూట్ రాగి మీదికి: ఇస్త్రీ పెట్టెతో ఇంట్లోనే పీసీబీ

ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో ఒక రేడియో రిపేరు కొట్టు మూసేసేటప్పుడు దాని యజమాని నాకొక అట్ట ఫైలు ఇచ్చారు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటినుంచీ ఆయన్ని మావయ్యగారూ అనే పిలిచేవాణ్ణి. ఫైల్లో నలభై దాకా ట్రేసింగ్ కాగితాలు ఉన్నాయి. వాటి మీద నల్ల ఇంకుతో గీసిన ట్రాకులు (కరెంటు పోయే దారులు), గుండ్రటి ప్యాడ్లు (భాగాల కాళ్ళు అతికే చోట్లు), మూలల్లో ఆయన చేతిరాత. 1980లలో చుట్టుపక్కల పండగ పందిళ్ళకి ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే లైట్ల బోర్డులు ఆయనే చేసిచ్చేవారు. బోర్డంటే పీసీబీ: రాగి పొర ఉన్న పలక మీద ట్రాకుల మేర రాగి ఉంచి మిగతాది కరిగించేసినది. కార్బన్ కాగితం పెట్టి రాగి మీదికి గీత దింపి, దాని మీద సన్న కుంచెతో ఎనామిల్ పెయింటు వేసేవారు. ఒక్కో బోర్డుకి ఒక పూట పట్టేది.

అదే గీతను ఇప్పుడు లేజర్ ప్రింటుతో, ఇస్త్రీ పెట్టెతో గంటలో రాగి మీదికి దించవచ్చు. లేజర్ ప్రింటర్ నలుపు ఇంకు కాదు, టోనర్ అనే ప్లాస్టిక్ పొడి. వేడికి కరిగి కాగితానికి అంటుకుంటుంది. మళ్ళీ వేడి చేస్తే మళ్ళీ కరిగి రాగికి అంటుకుంటుంది. ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయనం రాగిని తినేస్తుంది కానీ ఆ ప్లాస్టిక్‌ని ముట్టుకోదు. టోనర్ ట్రాన్స్‌ఫర్ అంటే ఇంతే. ఇంక్‌జెట్ ప్రింటుతో ఇది జరగదు.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. కాబట్టి ముద్రిత వలయ ఫలకం లాంటి మాటలు నా చేత రాయించకండి. పీసీబీ అనే అంటాను.

ఈ పని గురించి అడిగేవాళ్ళంతా ఇస్త్రీ పెట్టె ఎంత వేడి పెట్టాలి, ఎన్ని నిమిషాలు నొక్కాలి అనే అడుగుతారు. నేను పాడుచేసిన బోర్డుల్లో ఇస్త్రీ దగ్గర పోయినవి తక్కువ. కొలత తప్పో, కుడి ఎడమల తికమకో, అంటే ఇస్త్రీ పెట్టె ప్లగ్గులో పెట్టకముందు చేసిన తప్పులే ఎక్కువ. అందుకే సగం వ్యాసం కాగితం దగ్గరే ఉంటుంది. ఓపిక పట్టండి.

ఏ బోర్డుతో మొదలుపెట్టాలి

నేను మొదలుపెట్టింది రన్నింగ్ లైట్ల బోర్డుతో. 555, 4017 అనే రెండు ఐసీలు (రెండు వరసల కాళ్ళున్న చిన్న చిప్‌లు), పది ఎల్‌ఈడీలు, గుప్పెడు రెసిస్టర్లు. 555 టక్ టక్ మని పల్స్‌లు ఇస్తుంది, 4017 ఒక్కో పల్స్‌కి ఒక్కో ఎల్‌ఈడీ వెలిగిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ చాలు. ట్రాకులు లావుగా, దూరదూరంగా ఉంటాయి కాబట్టి చేయి తిరగడానికి మంచిది.

మావయ్యగారి ఫైల్లో 230 వోల్టుల బల్బుల్ని నడిపే ట్రయాక్ బోర్డులూ ఉన్నాయి. వాటి జోలికి మాత్రం నేను పోలేదు. ఇంట్లో చేసిన బోర్డు మీద కంటికి కనబడని వెంట్రుకంత రాగి మిగిలిపోవచ్చు. 9 వోల్టుల దగ్గర అది లైటు వెలగకపోవడంతో పోతుంది. కరెంటు లైను దగ్గర అలా పోదు. మొదటి బోర్డు, రెండో బోర్డు, పదో బోర్డు కూడా బ్యాటరీ మీదే చేయండి.

స్కాన్ చేసే ముందు కాగితాన్ని చదవండి

ఇది నా మొదటి దెబ్బ, ముందే చెప్పేస్తాను. స్కాన్ చేసి, నలుపు తెలుపు తప్ప ఇంకేమీ లేకుండా శుభ్రం చేసి, బోర్డు చేసి, భాగాలన్నీ పెట్టాను. లైట్లు పరిగెత్తడం మాని వాటి ఇష్టం వచ్చినట్టు వెలిగాయి. చేయి దగ్గరికి తెస్తే వరస మారిపోయింది. రెండు రోజులు వెతికి చివరికి అసలు కాగితాన్ని దీపం ముందు పెట్టి చూశాను. 4017 పదిహేనో కాలు నుంచి గ్రౌండుకి సన్నటి పెన్సిల్ గీత ఉంది. అది లెక్కను మళ్ళీ మొదటికి తెచ్చే రీసెట్ కాలు. ఇంకుతో గీసినప్పుడు దాన్ని వదిలేశారు, తర్వాత పెన్సిల్‌తో దిద్దుకున్నారు. నా కంప్యూటర్ దాన్ని మురికి అనుకుని తుడిచేసింది.

కాబట్టి ముందు అసలు కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చూడండి. పెన్సిల్ గీతలు, గోటితో గీకిన చోట్లు, తెల్ల ఇంకు పూసిన చోట్లు, పక్కన రాసిన అంకెలు అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. పత్రికల్లోంచి తీసినదైతే తర్వాతి సంచికల్లో సవరణ ఏమైనా వచ్చిందేమో కూడా చూడండి. పాత ఎలక్ట్రానిక్స్ పత్రికల్లో ఒక నెల తప్పు అచ్చయితే మరో నెల దిద్దుబాటు రావడం మామూలే. ఆ తర్వాత సర్క్యూట్ బొమ్మ దగ్గర పెట్టుకుని ఒక్కో కాలూ ఎక్కడికి పోతోందో వేలితో వెంబడించండి. అరగంట పని. నాకు రెండు రోజులు మిగిలేవి.

స్కానింగ్

ఫోనుతో ఫోటో తీయకండి. కాగితానికి ఫోను ఎంత సమానంగా పట్టుకున్నా ఒక పక్క కాస్త పెద్దదిగా, ఒక పక్క చిన్నదిగా వస్తుంది. కంటికి తెలియదు, ఐసీ కాళ్ళకి తెలుస్తుంది. అద్దం మీద కాగితం పెట్టే స్కానరే కావాలి. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు), రంగుల్లో. పక్కనే ఒక స్టీలు స్కేలు కూడా పెట్టి స్కాన్ చేయండి, స్కానర్ ఏమైనా అబద్ధం చెబితే దొరికిపోతుంది. ట్రేసింగ్ కాగితం అయితే వెనక తెల్ల కాగితం పెట్టడం మరిచిపోవద్దు.

బొమ్మ నలుపే కదా, మరి రంగులు ఎందుకంటే, పాత గీతల కింద తరచుగా గ్రాఫు కాగితం లేత నీలం గళ్ళు ఉంటాయి. జింప్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానెళ్ళు విడదీసి నీలం చానెల్ ఒక్కటే చూడండి, ఆ గళ్ళు దాదాపు మాయమవుతాయి. పసుపెక్కిన కాగితం మాత్రం అదే చానెల్‌లో బూడిద రంగుకి తిరుగుతుంది. గళ్ళు లేకుండా పసుపెక్కినది మాత్రమే అయితే ఎరుపు చానెల్ తీసుకోండి. రెండూ ఉంటే నీలమే తీసుకుని, నలుపు తెలుపు హద్దును కాస్త అటూ ఇటూ జరిపి చూడండి. ఇంకు చాలా నల్లగా ఉంటుంది కాబట్టి తేలిపోతుంది. అయితే ఈ నలుపు తెలుపు చేయడం ఇప్పుడే వద్దు. ముందు కొలత సరిచేసుకోవాలి. బూడిద రంగు ఛాయలు ఉన్నప్పుడే బొమ్మను సాగదీస్తే అంచులు నున్నగా ఉంటాయి.

కొలత: 2.5 కాదు, 2.54

మామూలు ఐసీల కాళ్ళ మధ్య దూరం అంగుళంలో పదో వంతు, అంటే 2.54 మిల్లీమీటర్లు. రెండు వరసల మధ్య 7.62 మిల్లీమీటర్లు. 16 కాళ్ళ ఐసీలో ఒకటో కాలు నుంచి ఎనిమిదో కాలుకి 17.78 మిల్లీమీటర్లు. 600 డీపీఐ స్కానులో ఇవి గుండు లెక్కలుగా వస్తాయి. కాలికీ కాలికీ 60 పిక్సెళ్ళు, వరసకీ వరసకీ 180, ఒకటి నుంచి ఎనిమిదికి 420. కాగితం మీద స్కేలు పెట్టి కళ్ళు చిట్లించే బదులు తెర మీద పిక్సెళ్ళు లెక్కపెట్టడం తేలిక.

మావయ్యగారి దగ్గర ఉన్నది మిల్లీమీటర్ గ్రాఫు గళ్ళున్న ట్రేసింగ్ కాగితం. దాని మీద 2.54 గీయడం కుదరదు కాబట్టి ఆయన 2.5 గీశారు. ఆయనే కాదు, ఇంట్లో బోర్డులు గీసుకునే చాలామంది చేసేది అదే. 16 కాళ్ళ ఐసీకి మొత్తం మీద తేడా 0.28 మిల్లీమీటర్లు, కాళ్ళు కాస్త వంచితే దిగిపోతుంది. 40 కాళ్ళ ఐసీకి తేడా 0.76 మిల్లీమీటర్లు. ఇక అది దిగదు. చేత్తో రంధ్రాలు వేసేటప్పుడు ఆయన డ్రిల్లును అటో ఇటో జరిపి సర్దేసేవారు. మనం బొమ్మనే సర్దేద్దాం. 2.54ని 2.5తో భాగిస్తే 1.016. అంటే బొమ్మను 101.6 శాతానికి పెంచాలి.

అక్కడితో అయిపోతే బాగుండేది. ట్రేసింగ్ కాగితం తేమకి సాగుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. అదీ రెండు వైపులా సమానంగా కాదు. నా కాగితంలో నిలువున ఒకటి నుంచి ఎనిమిదో కాలు వరకు 420 రావలసింది 411 పిక్సెళ్ళే వచ్చింది. అడ్డంగా వరసల మధ్య 180 రావలసింది 177 వచ్చింది. నిలువుకి 420ని 411తో భాగిస్తే 102.2 శాతం, అడ్డానికి 180ని 177తో భాగిస్తే 101.7 శాతం. నిలువుకీ అడ్డానికీ వేరువేరుగా పెంచాలి. జింప్‌లో వెడల్పు, ఎత్తు పక్కన గొలుసు బొమ్మ ఉంటుంది. దాన్ని నొక్కి తెంపేస్తే రెండింటినీ విడివిడిగా మార్చుకోవచ్చు.

ఇంకో మాట. చిన్న దూరం కొలిస్తే చిన్న తప్పు కూడా పెద్దదైపోతుంది. బోర్డు అంచు నుంచి అంచుకి గ్రాఫు గళ్ళు లెక్కపెట్టగలిగితే అదే మంచి కొలత. నా కాగితంలో 90 గళ్ళ పొడవు 89.5 మిల్లీమీటర్లు ఉంది. దాన్ని సరిచేసి పైన 1.016తో గుణిస్తే మళ్ళీ అదే 102.2 వచ్చింది. రెండు దారుల్లో ఒకే లెక్క తేలితే నిశ్చింతగా ముందుకు వెళ్ళొచ్చు.

జిరాక్స్‌కి జిరాక్స్ తీసిన పత్రిక పేజీలకి కూడా ఇదే పద్ధతి. అసలు సైజు అని అచ్చులో ఉన్నంత మాత్రాన నమ్మకండి.

కొలత కుదిరాక నలుపు తెలుపు చేయండి. ట్రాకుల్లో తెల్ల చుక్కలు పూడ్చండి, మధ్యలో నల్ల చుక్కలు చెరపండి. పెన్సిల్ సవరణల్ని ఇప్పుడు ట్రాకులుగా గీయండి. ప్రతి ప్యాడ్ నడుమ చిన్న తెల్ల చుక్క ఉంచండి. అక్కడ రాగి పోయి చిన్న గుంట పడుతుంది, డ్రిల్ ముల్లు జారకుండా నిలుస్తుంది.

ఏ వైపు నుంచి చూసిన బొమ్మ?

కాగితాన్ని రాగి మీద బోర్లా వేసి ఇస్త్రీ చేస్తాం. అంటే కాగితం మీద ఉన్నది రాగి మీద అద్దంలోలా తిరగబడుతుంది. పాత బొమ్మ రాగి వైపు నుంచి చూసి గీసిందైతే దాన్ని తిప్పి ప్రింటు తీయాలి. భాగాలు పెట్టే వైపు నుంచి, బోర్డు గాజు పలకలా అవతలి వైపు కనబడుతోందనుకుని గీసిందైతే ఉన్నదున్నట్టు ప్రింటు తీయాలి. ఏ కాగితం ఏ రకమో గీసినవాళ్ళు రాస్తే రాసి ఉంటారు, లేకపోతే లేదు. ట్రేసింగ్ కాగితం మరీ మోసం, రెండు వైపుల నుంచీ ఒకేలా కనబడుతుంది.

తేల్చుకోవడానికి ఐసీనే అడగండి. 4017లో 16వ కాలు ప్లస్, 8వ కాలు గ్రౌండు. ఐసీ గాటు పైకి పెట్టి పైనుంచి చూస్తే 16 కుడి పక్క పైన, 8 ఎడమ పక్క కింద ఉంటాయి. రాగి వైపు నుంచి చూస్తే 16 ఎడమ పక్క పైన, 8 కుడి పక్క కింద. బొమ్మలో గ్రౌండు ట్రాకు, ప్లస్ ట్రాకు ఎక్కడికి పోతున్నాయో చూస్తే విషయం తెలిసిపోతుంది. 555లో ఒకటో కాలు గ్రౌండు, ఎనిమిదోది ప్లస్. దానితోనూ సరిచూసుకోండి.

తికమక పడకుండా నేను పెట్టుకున్న పద్ధతి ఇది. బొమ్మ ఎలా ఉన్నా ముందు తెర మీద రాగి వైపు చూపుకి తెస్తాను. ఒక మూల ఖాళీలో అ అనే అక్షరం పెడతాను. (ఠ పెట్టకండి, తిరగబడినా పెద్దగా తేడా తెలియదు.) ఆఖరున, ప్రింటుకి ముందు, మొత్తం బొమ్మను అడ్డంగా తిప్పుతాను. ప్రింటులో అ తిరగబడి ఉండాలి, రాగి మీద సరిగ్గా చదవగలగాలి.

ఇప్పుడు ఆ ఆఖరి బొమ్మను మామూలు తెల్ల కాగితం మీద ప్రింటు తీసి, థర్మోకోల్ ముక్క మీద అంటించి, ఐసీల్ని పైనుంచి గుచ్చండి. తిప్పిన ప్రింటు అంటే భాగాల వైపు నుంచి కనబడే బొమ్మే కాబట్టి, ఐసీ నిజం బోర్డులో ఎలా కూర్చుంటుందో ఇక్కడా అలాగే కూర్చోవాలి. కాళ్ళన్నీ ప్యాడ్ల నడుమ దిగితే కొలత సరే. 16వ కాలు ప్లస్ ట్రాకు మీద, 8వది గ్రౌండు మీద పడితే తిప్పడం సరే. ఒక్క పరీక్షతో రెండూ తేలిపోతాయి. ఇది చేయకుండా నేనిప్పుడు ఇస్త్రీ పెట్టె ముట్టుకోను.

తిరగబడిన బోర్డు ఇప్పటికే చేసేసి ఉంటే పారేయకండి. ఐసీలను రాగి వైపే కూర్చోబెట్టి అతకవచ్చు. చూడ్డానికి బాగోదు గానీ పనిచేస్తుంది. నా మొదటి బోర్డు అలాగే ఉంది.

ప్రింటు, కాగితం

ఇంట్లో లేజర్ ప్రింటర్ లేకపోతే జిరాక్స్ కొట్టే గతి. అక్కడికి నిగనిగలాడే కాగితం పట్టుకెళ్తే మా ఊళ్ళో మొదట వినబడే మాట: "ఇది లోపల ఇరుక్కుంటే డ్రమ్ము డబ్బులు నువ్విస్తావేటి బాబూ?" ఆయన భయం న్యాయమే. ఇంక్‌జెట్ ప్రింటర్ల కోసం అమ్మే గ్లాసీ ఫోటో కాగితాల్లో కొన్నింటి పూత లేజర్ ప్రింటర్ లోపలి వేడికి కరిగి రోలరుకి అంటుకుపోతుంది. లేజర్‌కి పనికొస్తుందని కవరు మీద రాసి ఉంటేనే అవి వాడండి.

నాకు బాగా కుదిరింది వారపత్రిక లోపలి పేజీ, నున్నగా, పల్చగా ఉండేది. దాని మీది పూత నీళ్ళలో నానితే వదిలేస్తుంది. ముందే అచ్చయిన అక్షరాలు రాగికి అంటవు కాబట్టి అడ్డం కావు, కానీ మన గీత కనబడడానికి తక్కువ అచ్చున్న పేజీ ఎంచుకోండి. దాన్ని ఏ4 సైజుకి నీటుగా కత్తిరించి, వానాకాలమైతే ఒకసారి పొడి ఇస్త్రీ చేసి తేమ పోగొట్టాక ప్రింటర్‌లో పెట్టండి. స్టిక్కర్లు ఒలిచేశాక మిగిలే పసుపు మైనపు కాగితం కూడా బాగా వదులుతుంది. కానీ చేయి తగిలితే గీత చెదిరిపోతుంది, మొదటిసారికి వద్దు.

కొట్టుకి ఫైలు వాట్సాప్‌లో ఫోటోగా పంపకండి, అది చిన్నదైపోతుంది. పీడీఎఫ్ చేసి డాక్యుమెంటుగా పంపండి, లేదా పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళండి. పేజీకి సరిపెట్టే ఆప్షన్ తీసేసి 100 శాతం పెట్టమనండి. టోనర్ పొదుపు ఆపేసి, నలుపు బాగా ఎక్కువ పెట్టమనండి. బొమ్మ పక్కన 100 మిల్లీమీటర్ల చదరం ఒకటి గీసి ఉంచితే ప్రింటర్ కాగితం లాగేటప్పుడు ఏమైనా సాగదీసిందేమో అక్కడే స్కేలు పెట్టి చూసుకోవచ్చు. ఒకే కాగితం మీద అదే బొమ్మ మూడు నాలుగు సార్లు వేయించండి, మొదటిది తప్పకుండా పాడవుతుంది.

రాగి తోమడం

బోర్డు ముక్కలు రెండు రకాలు. గోధుమ రంగు ఫినాలిక్, మావాళ్ళు హైలం అంటారు. చవక, కోయడం తేలిక, కానీ ఎక్కువ వేడికి ఉబ్బుతుంది. రెండోది గ్లాస్ ఎపాక్సీ, వేడికి ఆగుతుంది, డ్రిల్ ముళ్ళని అరగదీస్తుంది. రన్నింగ్ లైట్లకి హైలం చాలు. మామూలుగా రెండింటి మీదా రాగి పొర మందం 35 మైక్రాన్లు.

హాక్సా బ్లేడుతో కోశాక అంచులు ఆకురాయితో రుద్దండి. అంచున రాగి కొంచెం లేచి ఉన్నా ఇస్త్రీ పెట్టె దాని మీదే ఆగి నడుమ ఆనదు. తర్వాత ఇత్తడి చెంబు తోమినట్టే చింతపండుతో తోమండి, పులుపుకి నల్లబారిన పొర పోతుంది. ఆపైన అంట్ల సబ్బు, ఆకుపచ్చ స్క్రబ్బర్. కడిగినప్పుడు నీళ్ళు చుక్కలుగా విడిపోకుండా రాగి మీద పల్చగా పరుచుకుంటే జిడ్డు పోయినట్టు. గుడ్డతో అద్ది, ఇక వేలు తగలనివ్వకండి. వేలిముద్ర పడిన చోట టోనర్ పట్టదు.

ఇస్త్రీ

ఆవిరి పెట్టె అయితే నీళ్ళు తీసేయండి. కాటన్ దగ్గర తిప్పి పూర్తిగా కాగనివ్వండి. ఇంట్లో ఓల్టేజీ తక్కువున్న సాయంత్రం పెట్టె వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది, తొందరపడకండి. ప్లైవుడ్ చెక్క మీద నాలుగు మడతల పాత నూలు గుడ్డ, దాని మీద బోర్డు రాగి పైకి పెట్టండి. ఉత్త బోర్డును ఒక నిమిషం వేడి చేయండి. కాగితాన్ని బోర్లా, ఒకేసారి, జరపకుండా వేయండి. ఇక్కడ చేయి వణికితే గీత రెండుగా పడుతుంది. పెట్టెను పైన ఉంచి అర నిమిషం కదపకుండా గట్టిగా నొక్కండి. అంటుకున్నాక మొనతో మూలలూ అంచులూ నొక్కుతూ రండి. 9 సెంటీమీటర్ల బోర్డుకి మొత్తం మూడు నాలుగు నిమిషాలు.

కాగితం వెనక నుంచి ట్రాకులు లీలగా ఉబ్బి కనబడితే సరిపోయినట్టు. ఇంకా నొక్కితే టోనర్ నలిగి పక్క ట్రాకుతో కలుస్తుంది. హైలం వాసన వస్తే ఎక్కువైందని అర్థం. మీ ప్రింటర్‌కి, మీ పెట్టెకి సరైన సమయం మీరే కనుక్కోవాలి. రీఫిల్ చేసిన టోనర్ అయితే ఈ నెలకీ వచ్చే నెలకీ కూడా తేడా వస్తుంది. అందుకే చిన్న ముక్క మీద ముందు పరీక్షించండి.

చేయి పెట్టగలిగేంత చల్లారాక గోరువెచ్చని నీళ్ళలో ఇరవై నిమిషాలు నానబెట్టండి. కాగితాన్ని లాగకూడదు, బొటనవేలితో మెల్లగా తిప్పుతూ పొరలుగా ఊడదీయాలి. టోనర్ మీద తెల్లటి పీచు మిగిలితే ఫరవాలేదు. ట్రాకుల మధ్య మిగిలితే మాత్రం దాని కింద రాగి కరగదు, పాత టూత్‌బ్రష్‌తో తీసేయండి. ఒకటి రెండు చోట్ల గీత తెగితే పర్మనెంట్ మార్కరో నెయిల్ పాలిషో పూయండి. నాలుగైదు చోట్ల తెగితే థిన్నర్‌తో మొత్తం తుడిచి మళ్ళీ మొదలుపెట్టడమే తక్కువ పని. పెద్ద నల్ల మైదానాలు ఉంటే నడుమ టోనర్ పల్చగా పడి సూదిబెజ్జాలు వస్తాయి, వాటి మీద మార్కర్ ఎలాగూ పూయాలి.

ఎచింగ్: అక్కరలేని రాగిని కరిగించడం

ఫెర్రిక్ క్లోరైడ్ నేను బరంపురం వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను. వానాకాలంలో మూత వదులైతే గాల్లో తేమ పీల్చుకుని అదే నీరైపోతుంది, బిగించి ఉంచండి. రబ్బరు గ్లోవ్స్, కళ్ళద్దాలు, పోతే పోనీ అనుకునే చొక్కా. ఆరుబయట చేయండి, వంటింట్లో వద్దు, వంట గిన్నెలు అసలే వద్దు. ప్లాస్టిక్ ట్రే మాత్రమే వాడాలి. అల్యూమినియం గిన్నెలో పోస్తే గిన్నెనే తినేస్తూ పొంగుతుంది. ఒంటి మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్ళతో కడగాలి. కంట్లో పడితే పావుగంట నీళ్ళ కింద పెట్టి డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మా వసారా గచ్చు మీద మూడు గోధుమ మచ్చలున్నాయి, ఎన్ని దీపావళులకి తోమినా పోలేదు.

200 మిల్లీలీటర్ల నీళ్ళలో 100 గ్రాముల పొడిని కొద్దికొద్దిగా వేయాలి. నీళ్ళలో పొడి వేయాలి గానీ పొడి మీద నీళ్ళు పోయకూడదు. కలిసేటప్పుడు బాగా వేడెక్కుతుంది. తర్వాత చల్లబడితే ట్రేని వేడినీళ్ళ బేసిన్‌లో కూర్చోబెట్టండి. స్టవ్ మీద కాచకండి, ఆవిర్లు మంచివి కావు. 40 నుంచి 50 డిగ్రీలు ఉంటే, కొత్త ద్రావణంలో పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. ట్రేని ఉయ్యాలలా ఊపుతూ ఉండాలి. ఊపకపోతే కరిగిన రాగి అక్కడే నిలబడి పని మందగిస్తుంది. అంచుల రాగి ముందు పోతుంది, నడుమ ఆఖరున పోతుంది. హైలం అయితే బోర్డును వెలుగుకి పట్టుకుని చూడవచ్చు, రాగి పోయిన చోట వెలుగు కొంచెం దిగుతుంది. అంతా పోగానే తీసేసి కడగాలి. మరిచిపోతే టోనర్ కింద నుంచి కూడా తినేసి ట్రాకులు సన్నబడతాయి. ఆ మొదటి కడుగు నీళ్ళు కూడా పారబోయకుండా ఒక బకెట్‌లో పట్టి ఉంచండి.

రంధ్రాలు, పరీక్ష

థిన్నర్‌తో టోనర్ తుడిచేస్తే ఎర్రటి రాగి ట్రాకులు బయటపడతాయి. మూలన అ సరిగ్గా కనబడుతోందా చూడండి, ఆ సంతోషం ఎన్నోసారైనా తగ్గదు. ఐసీలకీ రెసిస్టర్లకీ 0.8 మిల్లీమీటర్ ముల్లు, 1ఎన్4007 లాంటి లావు కాళ్ళ డయోడ్లకి 1 మిల్లీమీటర్, మరలకి 3.2. డ్రిల్లును నిటారుగా పట్టుకోండి. గ్లాస్ ఎపాక్సీ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు పెట్టుకోండి.

భాగాలు పెట్టే ముందే మల్టీమీటర్ బీప్ మీద పెట్టి, పక్కపక్క ట్రాకులు కలిశాయేమో, ఒకే ట్రాకు నడుమ తెగిందేమో చూడండి. ముందుగా ప్లస్‌కీ గ్రౌండుకీ మధ్య చూడండి. కలిసిన చోట బ్లేడుతో గీకాలి, తెగిన చోట సన్న తీగ అతకాలి. రాగి నల్లబడకుండా రోజిన్‌ని స్పిరిట్‌లో కరిగించి కుంచెతో పల్చగా పూస్తే సోల్డర్ కూడా బాగా పారుతుంది. ఐసీలను నేరుగా అతక్కుండా సాకెట్లు పెట్టండి. 4017లో ఎల్‌ఈడీలు వెలిగే వరస 3, 2, 4, 7, 10, 1, 5, 6, 9, 11 కాళ్ళు. పాత బొమ్మలో ఎల్‌ఈడీల ట్రాకులు అడ్డదిడ్డంగా దాటుకుంటూ కనబడేది ఇందుకే, అది గీసినాయన తప్పు కాదు.

మిగిలిన ద్రావణం

ఒకసారి వాడిన ఫెర్రిక్ క్లోరైడ్ చాలా బోర్డులకి వస్తుంది. ప్లాస్టిక్ సీసాలో పోసి, విషం అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసి, పిల్లలకి అందనిచోట పెట్టాను. మా ఇంటికి వచ్చేవాళ్ళలో సగం మంది ఒకటి చదివితే ఇంకొకటి చదవరు. ద్రావణం ఆకుపచ్చగా తిరిగి, బోర్డుకి గంట పడుతోందంటే దాని పని అయిపోయినట్టు.

అప్పుడు దాన్ని కాలవలో పోయకూడదు. అందులో కరిగి ఉన్న రాగి చేపలకి విషం, మా ఊరి కాలవల నీళ్ళు పోయేది పొలాల్లోకి, మహేంద్రతనయ నదిలోకి. పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో ఆ ద్రావణం, పట్టి ఉంచిన కడుగు నీళ్ళు కలిపి, చాకలి సోడా చెంచా చెంచాగా వేయండి. నురగ బాగా పొంగుతుంది కాబట్టి బకెట్ సగానికి మించి నింపొద్దు. నురగ ఆగాక పీహెచ్ కాగితం 7, 8 మధ్య చూపించే దాకా వేసి రాత్రంతా వదిలేస్తే బురద అడుగున దిగుతుంది. పైనున్న నీటిని పారబోయకుండా ఎండలో ఆవిరి కానిచ్చి, ఎండిన బురదను కొంచెం సిమెంటులో కలిపి పాత ప్లాస్టిక్ డబ్బాలో గడ్డకట్టించండి. ఆ డబ్బాను మామూలు చెత్తలో కలపకుండా, పాత బ్యాటరీలూ ట్యూబులైట్లూ తీసుకునే చోట ఇవ్వాలి. నా దగ్గర నాలుగేళ్ళకి ఒక్క డబ్బా నిండింది.